గునుగు మొలవని నేల

పోయిన నెలలో ఒక ఆదివారం నా మడి ఖాళీ చేసి ఇచ్చేద్దామని వెళ్ళాను. సింగపూర్‌లోని టాంపినీస్‌లో మా బ్లాకు వెనక ఒక ఉమ్మడి తోట ఉంది. మనిషికి ఒక మడి, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. నాలుగు నెలలుగా నేను అటు తొంగి చూడలేదు కాబట్టి, వద్దనుకుంటే వేరే వాళ్ళకు ఇస్తామని తోట చూసే వాళ్ళు మెసేజ్ పెట్టారు. చెత్త సంచి, చేతి తొడుగులు పట్టుకుని వెళ్ళేసరికి మడి నిండా గునుగు. మోకాలెత్తు మొక్కలు, తెల్లటి కంకులు, కొసల్లో కాస్త గులాబీ రంగు. ఈ దేశంలో అది మొలవదని నేను ఐదేళ్ళుగా నమ్ముతున్నాను.

సంతోషించాలి కదా. నేను మడి గట్టు మీద కూలబడి, నాలుగు నెలల కింద చనిపోయిన ఒక పెద్దావిడను నోటికొచ్చినట్టు తిట్టాను. మొలవదని నాకు చెప్పింది ఆమె. మొలిచింది మొలిచినట్టు పీకి పారేసిందీ ఆమే. చనిపోయిన మనిషి మీద ఇంత కోపం వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆమె పోయిన రోజు ఆమె కోడలికంటే ఎక్కువ ఏడ్చిన దాన్ని నేను.

ఆమె పేరు రాయను. తోటలో అందరికీ ఆంటీ, నాకూ ఆంటీ. డెబ్బై దాటిన మనిషి. ఆమె తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి మలయా వచ్చారట. ఆమె తెలుగులో సగం తమిళం, అక్కడక్కడా మలయ్. "బోలే" అంటే అవుతుంది, "తా బోలే" అంటే కాదు. ఈ రెండు మాటలతోనే తోటనంతా నడిపేది, ఇక్కడి అందరిలాగే మాట చివర ఒక "లా" తగిలించేది. చనిపోయిన భర్త ఫుల్ చేతుల చొక్కా నైటీ మీద తొడుక్కుని, పొద్దున ఆరున్నరకల్లా దిగేది. పలుగు, పార ముట్టదు. వంగిపోయిన ఒక అన్నం గరిటె ఉండేది, తవ్వడం, ఎరువు వేయడం, పిల్లుల్ని అదిలించడం అన్నీ దానితోనే.

ఇక్కడ తిండి దుకాణాల్లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళితే ఆ చోటు మనదని అర్థం, చోప్ చేయడం అంటారు. ఆంటీ ఆ పద్ధతిని తోటకు తెచ్చింది. తను ఎక్కడ మొక్క వేయాలనుకుంటే అక్కడ పుల్ల పాతి, దానికి టిష్యూ ప్యాకెట్ గుచ్చేది. ఒకసారి చూస్తే నా మడిలో కూడా ఒకటి గుచ్చి ఉంది. నవ్వి ఊరుకున్నాను.

ఆమె పెంచేది ఒకే పువ్వు. ఎర్రటి ముఖమల్ గుడ్డను మడతలు పెట్టినట్టుండే కోడిజుట్టు పువ్వు, మా వైపు సీతజడ అంటాం. తమిళం మాటతో ఆమె "కోళికొండై" అనేది. మిట్టమధ్యాహ్నం ఎండలో మిగతా మడుల్లోని ఆకుకూరలన్నీ తలలు వేలాడేస్తే ఆమె మడి ఒక్కటే నిటారుగా నిలబడేది. దేవుడి పటానికి రెండు పువ్వులు పెట్టుకుని మిగతావి కోసి పారేసేది, ఎందుకంటే అడిగేవాళ్ళు లేరు. కొడుకు ఇంట్లో పూలకు చోటు లేదట. నేను ఆమెను కలిసేనాటికి పరిస్థితి అది.

గునుగు సంగతి తెలియని వాళ్ళకు చెప్పాలి. మా జగిత్యాల వైపు అది కలుపు. మక్కచేన్లో, పసుపుచేన్లో ఎవరూ వేయకుండానే లేస్తుంది. మండే ఎండను తాగి మరీ పెరుగుతుంది, ఆవగింజకంటే చిన్న నల్లటి గింజలు వేలకు వేలు రాల్చి మళ్ళీ ఏడు మళ్ళీ అక్కడే వస్తుంది, మొలవగా మిగిలిన గింజ ఏళ్ళ తరబడి మట్టిలోనే దాక్కుంటుంది. మా అమ్మ ఏడాదంతా దాన్ని తిట్టుకుంటూ పీకేది. బతుకమ్మ పండుగ తొమ్మిది రోజులు మాత్రం అదే చేత్తో మోపులు మోపులు కోసుకొచ్చి, కొసలు కత్తిరించి, రంగునీళ్ళలో ముంచి, తాంబాలంలో వరుసలు పేర్చేది. గునుగు లేకుండా బతుకమ్మ లేవదు.

ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది మా ఆడవాళ్ళందరం కలిసి, మార్కెట్లో కొన్న చామంతులతో, ఆర్కిడ్లతో బతుకమ్మను పేర్చాం. చూస్తే హోటల్ రిసెప్షన్‌లో పెట్టే పూలబుట్టలా ఉంది. ఆ రాత్రే అమ్మకు ఫోన్ చేసి గునుగు గింజలు అడిగాను. అమ్మ పడీపడీ నవ్వింది.

"నా బతుకంత దాన్ని పీకుడే అయింది. ఇప్పుడు గింజలు ఏరియ్యాల్నా? కలుపుకు కూడ సింగపూర్ యోగం పట్టెనాయె!"

నవ్వుతూనే ఏరింది. పాత మందు డబ్బా నిండా గింజలు వచ్చాయి. చేతికి పోసుకుంటే నల్లగా నిగనిగలాడుతూ వేళ్ళ సందుల్లోంచి జారిపోయేవి. అప్పుడే తోటలో మడి తీసుకున్నాను. చల్లిన రోజు పక్క మడిలో నడుము వంచి ఉన్న ఆంటీ తలెత్తి చూసింది.

"ఏం చల్లుతున్నావమ్మా?"

తెలుగు వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. పండుగ గురించి, అమ్మ గురించి, గునుగు గురించి అన్నీ చెప్పేశాను. ఆమె గరిటె పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది. బతుకమ్మ అనే పండుగ ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"నువ్వు ఆఫీసుకి పోయేదానివి. శనివారం, ఆదివారం తప్ప రాలేవు. నీ మడి నేను చూసుకుంటాలే. నీళ్ళు పోస్తాను, కలుపు తీస్తాను. బోలే?"

"బోలే ఆంటీ," అన్నాను. అంతకు మించిన అదృష్టం ఉంటుందా అనిపించింది.

నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. నా మడి అద్దంలా ఉండేది. ఒక్క గడ్డిపోచ లేదు, ఒక్క గునుగు మొలకా లేదు. నేను దిగాలుగా నిలబడితే ఆంటీ దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇక్కడ ఎండాకాలం లేదు కదమ్మా. మీ ఊళ్ళో గింజ నేలలో పడి ఎండకి మాడుతుంది, అప్పుడే దానికి పౌరుషం. ఇక్కడ ఏడాదంతా వాన. కుళ్ళిపోతుంది. అయ్యో, ఏడవకు లా. నా దగ్గరున్నాయి కదా."

తన మడిలోంచి ఎర్ర సీతజడ నారు గరిటెతో లేపి, తమిళం పేపర్లో చుట్టి, నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళను తన వేళ్ళతో మూసింది. ఇచ్చేటప్పుడు ఎప్పుడూ అంతే. చెయ్యి మూయకుండా ఇచ్చేది కాదు. "నా చేత్తో ఇస్తేనే పడుతుంది," అనేది. నిజంగానే ఆమె హస్తవాసి మంచిదని తోటంతా చెప్పుకునేవారు.

ఎండకు మాడితేనే గింజకు పౌరుషం అన్న మాట నాకెంత నచ్చిందో! కలుపు మధ్య పుట్టి పెరిగిన దాన్ని, పదో తరగతి దాకా సెలవుల్లో గునుగు పీకిన దాన్ని, కంప్యూటర్ ముందు పదిహేనేళ్ళు కూర్చుని ఆ మాట నమ్మాను. ఆ మాటకొస్తే ఆమె ఎర్రవి మాత్రం వానకు కుళ్ళకుండా ఆమె మడిలో ఎలా మొలుస్తున్నాయని కూడా అడగలేదు. నా మడిలో ఆమె ఇచ్చిన సీతజడ పూసి, గింజ రాల్చి, మళ్ళీ ఏడు ఒక్కటీ మొలిచేది కాదు. మళ్ళీ ఆమె దగ్గరకే వెళ్ళేదాన్ని. మళ్ళీ పేపర్లో చుట్టి, చేతిలో పెట్టి, వేళ్ళు మూసేది.

ఒకరోజు చొక్కా జేబు తిప్పి చూపించి తెగ నవ్వింది. జేబులో గింజలు ఉన్నాయని మరిచిపోయి చొక్కా నానబెట్టి, ఉతికి, వరండాలో తడితడిగా వదిలేసిందట. కుట్టు సందుల్లోంచి చిన్న చిన్న ఎర్ర మొలకలు. "చూడమ్మా, సబ్బు నీళ్ళలో కూడా మొలిచేశాయి!" అంది. నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను. ఇంటికెళ్ళి మా అమ్మాయికి కూడా చెప్పి నవ్వించాను. సబ్బు నీళ్ళలో మొలిచేది వాన నీళ్ళలో ఎందుకు కుళ్ళుతుందని ఇద్దరిలో ఒక్కరికైనా తట్టలేదు.

పండుగకు ఆమెను నేనే పిలిచాను. పూలిచ్చిన మనిషి కదా అని బ్లాకు కింద హాల్లో బతుకమ్మల పక్కనే కుర్చీ వేయించాను. గంజి పెట్టిన జరీ చీర కట్టుకుని, జడలో తన పువ్వే పెట్టుకుని వచ్చింది. ఎర్ర వరుసలు చూసి అందరూ ముచ్చట పడ్డారు. ఒకరిద్దరు ఆమె కాళ్ళకు దండం పెట్టారు. ఆమె మొదట బిత్తరపోయింది, తర్వాత నిటారుగా కూర్చుంది. వచ్చే ఏటికి నాకూ నారు, నాకూ నారు అంటూ పదిమంది చేరారు. ఆ రోజు నుంచి ఆ కుర్చీ ఆమెది. టిష్యూ ప్యాకెట్ అవసరం లేకుండానే ప్రతి ఏడూ ఆమె కోసం ఖాళీగా ఉండేది.

అమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది. "మొలిచిందా బిడ్డా?"

"లేదమ్మా. ఇక్కడి నేలకు పడలేదు."

"గునుగు మొలవని నేల నేను సూడలే," అనేది. ఆ మాటలో కాస్త చిన్నబోయినట్టు ఉండేది. ఎన్నడూ దాన్ని మెచ్చుకోని మనిషి, మొలవలేదంటే ఎందుకంత బాధపడేదో నాకప్పుడు అర్థం కాలేదు. తన చేతి గింజ నా దగ్గర నాటుకోలేదని బాధ. ఇప్పుడు తెలుస్తోంది.

మూడేళ్ళ కింద ఊరికి వెళితే మళ్ళీ ఒక డబ్బా నిండా ఏరి ఇచ్చింది. ఎండలో మూడు రోజులు ఆరబెట్టి, చేటలో చెరిగి మరీ ఇచ్చింది. వాటినీ చల్లాను. ఆ తర్వాత ఒక ఆదివారం నేను మడి దగ్గర ఉండగా అమ్మ వీడియో కాల్ చేసింది. మడి చూపించమంది. తిప్పి చూపించాను, నున్నటి మట్టి. ఆంటీ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"నమస్కారం అమ్మా. మీ గింజలు మంచివే. తప్పు గింజలది కాదు. ఈ ఊరి వాన అలాంటిది."

"అట్లనా అక్కా. మా పసుపు చేన్ల దాన్ని పీకి పీకి నా నడుము పోయింది. ఆడ మొలవకపాయె," అంది అమ్మ. మళ్ళీ తనే, "పోనీ తియ్యి. మా బిడ్డకు మీరున్నరు గద. నేను లేని జాగల మీరే పూలిస్తున్నరు. మీ చెయ్యి సల్లగుండ," అంది.

ఆంటీ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో అమ్మకు దండం పెట్టింది. ఆ చేతి గోళ్ళ నిండా మట్టి. అది నా మడి మట్టే అయి ఉంటుందని ఇప్పుడు అనుకుంటే ఒళ్ళు మండిపోతుంది. నాకు అబద్ధం చెబితే చెప్పింది. రెండో డబ్బాకు కూడా నడుము వంచి గింజలేరిన మనిషి ముఖంలోకి చూస్తూ అబద్ధం చెప్పి, ఆమె దీవెన ఎలా పుచ్చుకోగలిగింది?

ఆ సాయంత్రం అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. "ఆమె మంచిదే గని, ఒక మాట చెప్త ఇను. ఒక్క నెల ఆ మడిని ఎవ్వలు ముట్టకుండ ఇడిసిపెట్టి సూడు. కలుపు తియ్యనియ్యకు."

"అమ్మా, డెబ్బై ఏండ్ల మనిషి నా కోసం రోజూ నడుము వంచుతున్నది. వద్దని ఎట్ల చెప్పాలె?" అన్నాను. కొంచెం విసుక్కున్నాను కూడా.

"సరే తియ్యి," అంది అమ్మ. ఇంకెప్పుడూ అడగలేదు. తర్వాతి ఏడు బతుకమ్మకు ముందే పోయింది. తన గింజ నా దగ్గర మొలవలేదనే అనుకుంటూ పోయింది.

పన్నెండు రోజుల తర్వాత ఊరి నుంచి తిరిగొస్తే ఆంటీ నన్ను పట్టుకుని ఏడ్చింది. నారు తెచ్చి చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "అమ్మ లేకపోతే నేను లేనా?" అంది. ఆ మాటకు ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. అమ్మ చేటలో చెరిగిన గింజల మొలకలు ఆ పొద్దున కూడా పీకి వచ్చి ఉంటుందా? ఉండే ఉంటుంది. రోజూ చేసే పనికి ఆ రోజు మాత్రం సెలవెందుకు పెడుతుంది?

ఇదంతా నా ఊహ అనుకోకండి. పోయిన నెల ఆ తిట్లన్నిటికీ ముందు, గునుగు చూసి అమ్మ గుర్తొచ్చి నేను గట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే, అవతలి మడిలో బెండ పండించే చైనీస్ అంకుల్ గొట్టం కట్టేసి వచ్చాడు. పువ్వులు బాగున్నాయన్నాడు. ఇన్నేళ్ళూ ఎందుకు పెరగలేదోనని నేనంటే ఆశ్చర్యపోయాడు.

"హౌ టు గ్రో? ఎవ్రీ మార్నింగ్ ఆంటీ పుల్ అవుట్ లా. స్మాల్ స్మాల్ వన్ ఆల్సో పుల్." గరిటెతో కాదు, రెండు వేళ్ళతో గిల్లినట్టు తీసేదని చేత్తో చూపించాడు. తీసినవి తన మడిలో ఆకుల కింద దాచేదట. "ఐ థాట్ యూ టెల్ హర్ టు పుల్," అన్నాడు.

ఆయన నాలుగు బెండకాయలు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఎందుకు చేసిందో నాకు తెలియక కాదు. పారేసే పువ్వుకు నేను పండుగ చూపించాను, ఎవరూ పలకరించని మనిషికి కుర్చీ వేశాను. నా మడిలో తెల్ల గునుగు దానంతటదే లేస్తే ఇక ఆమెతో పనేముంది? అడిగి ఉంటే చెప్పేదాన్ని, గునుగు ఉన్నా సీతజడ కావాలి ఆంటీ, రెండూ ఉంటేనే బతుకమ్మ నిండుగా ఉంటుందని. అడగలేదు. అర్థం చేసుకోగలను, కానీ క్షమించాలంటే మాత్రం చేత కావడం లేదు. ఆమె మీద కోపం చల్లారబోతుంటే అమ్మకు నేను చెప్పిన మాట గుర్తొస్తుంది. ఇక్కడి నేలకు పడలేదని నా నోటితో ఎన్నిసార్లు అన్నానో!

మడి తిరిగి ఇవ్వలేదు. రోజూ పొద్దున్నే వెళుతున్నాను. గునుగు మధ్యలో అక్కడక్కడా ఎర్ర కాడల మొలకలు కూడా ఉన్నాయి, ఆమెవి. మొదటి రోజు వంగి ఒకటి పీకాను. రెండు వేళ్ళతో, గిల్లినట్టు. రెండోదాని మీద చెయ్యి వేసి, బెండ మడి వైపు చూశాను. అంకుల్ చూడలేదు. అయినా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మిగతావి ఉన్నాయి. నీళ్ళు పోస్తున్నాను, ప్రేమతో మాత్రం కాదు.

నిన్న బతుకమ్మ. రెండు సంచుల గునుగు కోసుకెళ్ళాను. హాల్లో మా ఆడవాళ్ళు ఆంటీ ఫోటోకు దండ వేసి, ఆమె కుర్చీలోనే పెట్టారు. నేను సంచి విప్పగానే అందరూ మూగారు. ఏళ్ళ తర్వాత అసలు గునుగు చూసి ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఆంటీ పోయినా పూలిస్తనే ఉన్నది సూడు. ఏం హస్తవాసి అది!" అంది మా వరంగల్ అక్క, ఫోటోకు దండం పెడుతూ.

పొద్దటి నుంచి ఏమీ మాట్లాడకూడదనే అనుకున్నాను. చనిపోయిన మనిషి, పండుగ పూట, ఎందుకులే అనుకున్నాను. కానీ ఆ దండం చూసేసరికి ఆగలేకపోయాను.

"ఇవి ఆంటీవి కాదక్కా. మా అమ్మవి."

"మీ అమ్మ పంపిన గింజలు మొలవనే లేదంటివి గదనె?"

ఫోటోలో ఆంటీ నా వైపే చూస్తోంది. నేను తాంబాలం ముందు కూర్చుని మొదటి వరుస పేర్చడం మొదలుపెట్టాను.

"మొలిచినయక్కా. ప్రతి యేడు మొలిచినయి."